కనుబొమ్మ దగ్గరే ఆగిపోయిన స్కాన్

ఈమధ్య సీటీ స్కాన్ కోర్సు చదివే పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడిగారు. గొప్ప సంగతేదో చెబుతాననుకుని నోట్‌బుక్కులు కూడా తెరిచారు. చాయ్ తాగించి పంపించాను గానీ చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు. వాళ్లు వెళ్లాక రెండు రోజులు నా మనసు మనసులో లేదు. అన్నం ముందు కూర్చుని ఏం ఆలోచిస్తున్నావని ఇంట్లో కసురుకుంటే, సరే రాసి పారేద్దామని కూర్చున్నాను. ఆ పిల్లలు చదివితే మంచిది. చదవకపోతే వాళ్ల ఖర్మ.

నాది కరీంనగర్. ముప్పయ్యేళ్లకు పైగా ఎక్స్‌రే గదుల్లో, ఆ తర్వాత సీటీ గదుల్లో బతికాను. చివరి పోస్టింగ్ పాత ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచునున్న ఒక ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. తప్పు నాది, ఊరికెందుకు అంటగట్టాలి?

నాకు పనిలో ఒక పొగరుండేది. తలకు స్కాన్ తీసేటప్పుడు కళ్ల మీద కిరణాలు పడకుండా చూడాలి. ఊరికే పడితే ముందు ముందు శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకని ఆ గుండ్రటి యంత్రాన్ని కొంచెం వంచి, కనుబొమ్మ దగ్గర్నుంచి చెవి మీదుగా వెనక్కి ఒక గీత అనుకుని, దానికి పై భాగమే తీస్తాం. మెదడు మొత్తం వస్తుంది. కళ్లు బయట ఉండిపోతాయి. ఈ వంపు పెట్టడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. మా దగ్గర రేడియాలజిస్టు లేడు. బొమ్మలు కంప్యూటర్లో హైదరాబాద్ పోతే, అక్కణ్నుంచి రిపోర్టు వచ్చేది. చివర్లో ఎప్పుడూ ఒక చిన్న వాక్యం ఉండేది, 'కంటి గూళ్లు ఈ చిత్రాల్లో పూర్తిగా లేవు' అని. అది చదివినప్పుడల్లా నాకు ఎవరో భుజం తట్టినట్టుండేది. వెర్రివాణ్ని, అది హెచ్చరిక అని ఒక్కనాడూ అనుకోలేదు.

కంటి గూడు, అంటే కన్ను చుట్టూ ఉండే ఎముక, విరిగినవాళ్లను చూడలేదా అంటే, బోలెడంతమందిని చూశాను. హెల్మెట్ లేకుండా బండి మీది నుంచి రోడ్డు పక్క రాళ్ల మీద పడ్డవాళ్లకు గూటి చుట్టూ ఉండే గట్టి చట్రమే విరిగేది. చెంప ఎముక కూడా లోపలికి నొక్కుకుపోయి నోరు తెరవడానికి వచ్చేది కాదు. ముక్కు పక్కనుండే గోడ మరీ పల్చన. కాగజ్‌నగర్ నుంచి వచ్చిన ఒక లోడింగ్ కూలీకి అది చిట్లింది. ముక్కు చీదొద్దురా నాయనా అని ఎంత చెప్పినా వినకుండా చీదాడు, ఎక్స్‌రే గది ముందే గాలి లోపలికి దూరి కనురెప్ప పూరీలా పొంగింది. ఇక కన్ను కూర్చునే నేల ఉంటుంది చూశారూ, అది పిడికిలి గుద్దుకు పగులుతుంది, ఎద్దు కొమ్ముకు పగులుతుంది, పెళ్లి బరాత్‌లో డీజే ముందు మొదలైన కొట్లాటకైతే తప్పకుండా పగులుతుంది. నేల పగిలితే కన్ను చుట్టూ ఉన్న కొవ్వు కిందికి జారి కన్ను లోతుకు పోతుంది. చెంపా పై పెదవీ మొద్దుబారతాయి. ఒకటి రెండుగా కనబడుతుంది. వెనకాల రక్తం చేరి నరాన్ని నొక్కితే గంటల్లో చూపే పోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. వచ్చినవాళ్లందరి కళ్లూ నల్లగా కమిలి, రెప్పలు వాచి ఉండేవి. కంటి గూడు విరిగితే మనిషి అట్లా ఉంటాడు, అంతే అనుకున్నాను.

ఆ అమ్మాయికి వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. కన్ను తెల్లగా మల్లెపువ్వులా ఉంది.

పదమూడేళ్లు. ఉట్నూర్ వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉండేది, చేతులు మోకాళ్ల దాకా ఉన్నట్టుండేవి. వాలీబాల్‌లో జిల్లా జట్టుకు ఎంపికైంది. రెండు వారాల్లో రాష్ట్ర పోటీలున్నాయి. పొద్దున ప్రాక్టీసులో ఒకే బంతికి ఇద్దరు పిల్లలు ఎగిరితే, పక్కమ్మాయి మోచేయి ఈమె ఎడమ కంటి కింద దిగింది. పడిపోయింది, లేచింది, వాంతి చేసుకుంది. ఇక కళ్లు తెరవనంది. పది గంటలకు జీపులో వాళ్ల టీచరమ్మ తీసుకొచ్చింది.

"పొద్దుగాల సంది గిట్లనే సార్. కండ్లు తెరువుమంటే తెరుస్తలేదు. ఇంటికి తోలుమని నాటకం జేస్తుందా అనుకున్న. మల్ల వాంతులు జూసి పరేషానై పట్టుకొచ్చిన" అన్నది టీచరమ్మ.

డ్యూటీ డాక్టరు కుర్రవాడే గానీ బుద్ధిమంతుడు, పుస్తకం చదివేవాడు. నాడి చూశాడు. నిమిషానికి యాభై. ఆటలాడే పిల్ల కాబట్టి నాడి నెమ్మదిగానే ఉండొచ్చు గానీ, వాంతులు, మగత, నెమ్మది నాడి, ఈ మూడూ కలిస్తే ఏ డాక్టరుకైనా ముందు తలే గుర్తొస్తుంది. లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని ఆయన మొహం పాలిపోయింది. "తొందరగా బ్రెయిన్ తీయండి" అన్నాడు.

బల్ల మీద పడుకోబెట్టగానే ఆ పిల్ల నా యంత్రం మీద వాంతి చేసుకుంది. నాకు కోపం ముక్కు మీదుంటుంది. "ఏయ్, ముందు చెప్పొద్దా!" అని అరిచాను. తుడిచి, మళ్లీ పడుకోబెట్టి, యంత్రం వంచి, అద్దంలాంటి బొమ్మలు తీశాను. గంటలో రిపోర్టు వచ్చింది. మెదడు నార్మల్. చివర మామూలు వాక్యం ఉంది. కాగితం డాక్టరు చేతిలో పెట్టి, హాయిగా టిఫిన్ డబ్బా విప్పాను.

అమ్మాయిని ఇరవైనాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండమని వార్డులో ఉంచారు. మధ్యాహ్నానికి తండ్రి వచ్చాడు. పత్తి చేనులోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా దూది పోగులు అంటుకుని ఉన్నాయి.

మర్నాడు తొమ్మిదింటికి వార్డులో వేరే ముసలాయనకు మంచం దగ్గరే ఛాతీ ఎక్స్‌రే తీయడానికి బండి యంత్రం తోసుకుంటూ వెళ్లాను. అక్కడి హెడ్ సిస్టర్ బొగ్గుబావుల కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నన్ను చూడగానే పిలిచింది.

"అన్నా, నువ్వు పెద్ద మొనగానివి గదా, గిటు రా. గీ పిల్ల నాడి నాకు సమజైతలేదు."

"నాడి సంగతి నాకేం తెలుసమ్మా, నేను బొమ్మలు తీసేవాణ్ని."

"ఊకె జూడరాదె" అని చార్టు నా మొహం ముందు పెట్టింది. గంట గంటకూ రాసింది. అరవై, అరవై రెండు, అరవై, నలభై నాలుగు. మళ్లీ అరవై. మళ్లీ నలభై ఆరు. "తలకాయ లోపట దెబ్బైతే ఒక్కతీరుగ పడిపోవాలె గని, గిట్ల దిగుడు ఎక్కుడేంది? డాక్టర్ సాబ్ రౌండ్‌కు వచ్చినప్పుడల్ల దిగుతుంది. ఆయన్ని జూసి పిల్ల భయపడుతుందా అంటే, భయపడితే నాడి ఉరకాలె గని పండదు గదా!"

అమ్మాయి వైపు చూశాను. తండ్రి గ్లాసుతో నీళ్లిస్తున్నాడు. ఆయన నిలబడి ఉన్నాడు, ఈమె కూర్చుని ఉంది. తండ్రి మొహం చూడడానికి కళ్లెత్తకుండా గడ్డం మొత్తం పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి చూసింది. ఈ పిల్ల కళ్లను పైకి తిప్పడం లేదని అప్పుడు తట్టింది నాకు.

దగ్గరికి వెళ్లి జేబులో పెన్ను తీశాను. "తల కదపకుండా దీన్ని చూడు బిడ్డా" అని మెల్లగా పైకి జరిపాను. కుడి కన్ను పెన్నుతో పాటు పైకి వెళ్లింది. ఎడమ కన్ను సగం కూడా పోకుండా, ఎవరో కింద నుంచి దారం పట్టుకుని లాగినట్టు ఆగిపోయింది. అమ్మాయి నుదుట చెమట పట్టింది. సిస్టర్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, "అన్నా, దిగుతుంది. నలభై. ఆపు, ఆపు!" అన్నది.

పెన్ను దించి అడిగాను. "ఎన్ని కనబడినయి బిడ్డా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత రెండు వేళ్లు చూపించింది.

పెద్దవాళ్ల ఎముక కుండ పెంకులా పగిలి ఊడిపోతుంది. పిల్లల ఎముక పచ్చి పుల్ల. దెబ్బకు వంగి, చీలి, వెంటనే మళ్లీ తన చోటికి వచ్చి మూసుకుంటుంది. ఆ తెరుచుకున్న ఒక్క క్షణంలో కంటిని తిప్పే కండ అందులోకి జారితే, తలుపు సందులో చీర కొంగు పడ్డట్టు ఇరుక్కుపోతుంది. బయట వాపుండదు, నలుపుండదు. కన్ను పైకి తిప్పబోయినప్పుడల్లా ఆ కండ గుంజుకుని నాడి పడిపోతుంది, వాంతి వస్తుంది. నిలబడ్డ డాక్టరు మొహం చూడబోయినప్పుడల్లా జరిగింది అదే. రక్తం అందక ఆ కండ గంట గంటకూ చచ్చిపోతూ ఉంటుంది. ఇదంతా నేనెప్పుడో ఒక ట్రెయినింగులో విన్నాను. విని, మధ్యాహ్నం భోజనంలో మరచిపోయాను.

పరుగెత్తుకుని గదికి వెళ్లి నిన్నటి బొమ్మలు తెరిచాను. ముక్కలు ముక్కలుగా వచ్చే బొమ్మల్లో అన్నిటికంటే కిందిది కనుబొమ్మ దగ్గర ఆగింది. ఎక్కడ చూడాలో సరిగ్గా అక్కడ నేను తీయలేదు. ఎంత చక్కగా వంచాను! అంత చక్కగా ఆ పిల్ల కన్ను వదిలేశాను.

ఒక మాట ఒప్పుకోవాలి. అప్పుడు నాకొక చెడ్డ ఆలోచన వచ్చింది. బ్రెయిన్ తీయమన్నారు, తీశాను. కళ్లు తీయమని ఎవడూ రాయలేదు. నా తప్పు కాగితం మీద ఎక్కడుంది? ఊరుకుంటే రేపో ఎల్లుండో వాళ్లే ఎవరో కంటి డాక్టరుకు పంపుతారు. రిటైర్మెంటుకు రెండేళ్లు కూడా లేవు. ఆ ఆలోచనతో ఒక నిమిషం కుర్చీలో కూర్చున్నాను. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

లేచి డాక్టరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముందు కోప్పడ్డాడు. "నిన్న నార్మల్ అని మీరే గదా కాగితం తెచ్చిండ్రు?"

"తెచ్చిన సార్. ఆ కాగితం చివర్న ఉన్నది నేను చదివినా పట్టించుకోలేదు, మీరైతే చదవనే లేదు."

ఆయన రిపోర్టు తీసి చదివాడు. కంటి గూళ్లకు స్కాన్ రాసి, నా కంటే ముందు సీటీ గదికి నడిచాడు.

ఈసారి యంత్రాన్ని వంచలేదు. పల్చటి ముక్కలుగా తీసి, ముఖానికి ఎదురుగా నిలబడి చూసినట్టు బొమ్మ కట్టాను. ఎడమ గూటి నేల దాదాపు సరిగ్గానే ఉంది. తెలియనివాడు చూస్తే నార్మల్ అనేవాడు. మధ్యలో వెంట్రుకంత గీత, దాని కింద కన్నీటి చుక్కలా వేలాడుతున్న చిన్న ముద్ద. పైన ఉండాల్సిన కండ పైన లేదు.

మా జిల్లాలో ఈ ఆపరేషన్ చేసేవాళ్లు లేరు. కరీంనగర్‌లో కంటి గూళ్ల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకామె నాకు తెలుసు. బొమ్మ ఫోన్లో పంపి కాల్ చేశాను. ఆమె నమస్కారం కూడా అందుకోలేదు.

"దెబ్బ తగిలి ఎన్ని గంటలైంది?"

"ఇరవై ఎనిమిది మేడమ్."

"నిన్న ఎందుకు పంపలేదు?" అన్నది. జవాబు కోసం ఆగలేదు. "వెంటనే తీసుకురండి. ఏమీ తినిపించొద్దు. ముక్కు చీదనివ్వొద్దు. పైకి చూడనివ్వకండి. థియేటర్ సిద్ధంగా పెడతాను."

అంబులెన్స్‌లో సిస్టర్ ఎక్కింది, తండ్రి ఎక్కాడు. నా డ్యూటీ ఇంకొకాయనకు అప్పగించి నేనూ ఎక్కాను. ఎందుకెక్కావంటే చెప్పలేను. అక్కడ నేను చేసేదేమీ లేదు. కానీ ఆ బండి వెళ్లిపోయాక గదిలో కూర్చోవడం నావల్ల కాదు.

ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. జన్నారం అడవిలో మలుపులు. బండి కుదిపినప్పుడల్లా అమ్మాయి కళ్లు తెరిచేది, పైన లైటు వైపు చూడబోయేది, ఆ పిల్ల మణికట్టు మీద సిస్టర్ వేళ్లు బిగిసేవి. "కండ్లు మూసుకో బిడ్డా, మా బంగారం గదా, మూసుకో." చివరికి తన తెల్ల రుమాలు మడిచి కళ్ల మీద కప్పింది. లక్షెట్టిపేట దగ్గర పత్తి ట్రాక్టర్లు కిలోమీటరు పొడవునా ఆగి ఉన్నాయి. సైరన్ మోగుతోంది, ఒక్కడు కదలడు. నేను దిగి బూతులు తిట్టుకుంటూ, దండాలు పెట్టుకుంటూ ఒక్కొక్క ట్రాక్టరును పక్కకు తీయించాను. ఒకడు "ఏం కొంపలంటుకున్నయి పెద్దమనిషి?" అంటే వాడి కాలర్ పట్టుకున్నాను. అరగంట పోయింది. ఆ అరగంటలో ఎంత కండ చచ్చిపోయిందో ఎవరికి తెలుసు? గోదావరి వంతెన దాటి ధర్మపురి దగ్గరికి వచ్చాక తండ్రి గుడి ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి నాకూ పెట్టాడు.

"మీరు కనిపెట్టిండ్రు గన్క సరిపోయింది సారూ. లేకుంటే నా బిడ్డ బతుకేమయ్యేదో!"

అప్పుడు చెప్పాల్సింది. సిస్టర్ నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను.

నాలుగున్నరకు కరీంనగర్ చేరాం. ఆరింటికల్లా లోపలికి తీసుకెళ్లారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, కండను విడిపించానని, నేలకు సన్నటి రేకు వేశానని చెప్పింది. "చూపుకు భయం లేదు. కదలిక ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను. కండ రంగు నాకు నచ్చలేదు" అని, నన్ను పక్కకు పిలిచి, "నిన్న సాయంత్రానికి వచ్చినా వేరేగా ఉండేది" అన్నది.

రెండు నెలల తర్వాత పరీక్ష స్కాన్ కోసం తండ్రీ కూతుళ్లు మా ఆసుపత్రికి వచ్చారు. నాకోసం సంచెడు కందికాయలు తెచ్చారు. అమ్మాయి కొంచెం ఒళ్లు చేసింది. ఎదురుగా చూస్తే రెండు కళ్లూ ఒక్క తీరుగా ఉన్నాయి. చదువుకోవడానికి ఇబ్బంది లేదన్నది. పెన్ను తీసి పైకి జరిపాను. ఎడమ కన్ను కొంత దూరం వచ్చి, ఇక రానంది.

"ఇప్పుడు ఎన్ని?"

"కింద ఒకటే సారూ. పైకి చూస్తే రెండు."

"ఆడుతున్నవా మరి?"

"ఆడుడు బంజేసిన. బాల్ పైకెళ్లి వస్తది గదా, రెండొస్తయి. ఏది కొట్టాలె?" అని నవ్వింది. రాష్ట్ర పోటీలు ఈమె లేకుండానే అయిపోయాయి. ఈమె చోట, మోచేయి తగిలించిన ఆ పక్కమ్మాయే ఆడిందట.

తండ్రి మళ్లీ మొదలుపెట్టాడు, మీరు దేవునోలె కనిపెట్టిండ్రు అని. ఇక నావల్ల కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మొదటి రోజే తీసి ఉంటే కనబడేదని, నేనే తీయలేదని, ఆ ఒక్క రోజు పోవడం వల్లే కండ దెబ్బతిన్నదని. ఆయన నేల చూపులు చూస్తూ విన్నాడు. కోప్పడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కావాల్నని జెయ్యలేదు గద సారూ" అన్నాడు. "బిడ్డకు రెండు కనవడుతున్నయని మాకే తెల్వకపాయె. గిది నోరిప్పి చెప్పకపోతె మీకు మాత్రం ఎట్ల తెలుస్తది?"

అమ్మాయి తలెత్తింది.

"నేను జెప్పిన బాపూ" అన్నది. గొంతులో కోపం లేదు, లెక్కల మాస్టారుకు జవాబు చెప్పినట్టు చెప్పింది. "గా దినమే జెప్పిన. మిషన్ల పండవెట్టినప్పుడు పైన ఎర్ర లైట్ రెండు కనవడుతున్నయని సారుకు జెప్పిన. మాట్లాడితే బొమ్మ ఖరాబైతది, సప్పుడు జెయ్యకు అన్నడు. అందుకే మల్ల ఎవ్వలకు జెప్పలే."

నాకు గుర్తు లేదు. ఆ రోజు రాత్రి, ఆ తర్వాత ఎన్నో రాత్రులు గుర్తు చేసుకోవాలని చూశాను. వాంతి గుర్తుంది, తుడిచిన గుడ్డ రంగు గుర్తుంది. ఆ పిల్ల మాట మాత్రం గుర్తు లేదు. సప్పుడు చేయకు అని నేను రోజుకు ముప్పయి మందితో అనేవాణ్ని. వాళ్లలో సగం మంది వినిపించుకునేవారు కాదు. ఈ పిల్ల విన్నది.